బావ తరఫున నేను చెప్పిన సాక్ష్యం

మా బావ చాలా ఏళ్లపాటు మందిరం లోపలికి రాలేదు. ఆదివారం పొద్దున్నే ఉద్దానం నుంచి అప్పను సైకిలు మీద కూర్చోబెట్టుకుని కాశీబుగ్గ తెచ్చి గేటు దగ్గర దింపేవాడు. మా వైపు అక్కను అప్ప అంటాం. దింపేసి, రోడ్డుకు అవతల టీకొట్టు బల్ల మీద కూర్చునేవాడు. ప్రసంగం సాగిపోతే సైకిలు బెల్లు కొట్టేవాడు. లోపల పెద్దల వరసలో కూర్చున్న నేను పళ్లు కొరుక్కునేవాణ్ణి. ఆడవాళ్ల వైపు నుంచి చిన్న నవ్వు వినబడేది. అందులో మా అప్ప గొంతు కూడా ఉండేది.

బావ మా మేనత్త కొడుకే. అత్త మెట్టిన ఇంట్లో పాత దేవుళ్లే ఉన్నారు. అప్పను ఆ ఇంటికి ఇచ్చేటప్పుడు మా నాన్న ఒక్కటే అడిగాడు, ఆదివారం పిల్లను మందిరానికి వెళ్లనివ్వాలని. బావ ఆ మాట ఒక్క వారం కూడా తప్పలేదు. వర్షంలో కూడా గొడుగు అప్ప చేతికిచ్చి తాను తడుస్తూ తొక్కుకొచ్చేవాడు. ఆ విశ్వాసం నా కంటికి ఆనలేదు. నాకు బావ ప్రభువును నమ్మని, రక్షణ లేని మనిషి, అంతే.

నేను పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేసేవాణ్ణి. గుండు పప్పు ఒక పక్కకు, బద్ద ఒక పక్కకు, ముక్క ఒక పక్కకు ఏరే ఆడవాళ్ల పని చూసుకోవడం నా ఉద్యోగం. మనుషుల్ని కూడా అలాగే ఏరగలనని ఆ వయసులో నాకు గట్టి నమ్మకం. నన్ను సంఘపెద్దగా ఎన్నుకున్నాక ఆ నమ్మకం ఇంకా పెరిగింది. నేను ప్రార్థన చేస్తే బాగుంటుందని జనం అనేవారు. ఆ మాట వినడం కోసమే కొన్నిసార్లు ప్రార్థన పొడిగించేవాణ్ణి. ఇది ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది. అప్పుడు లేదు.

తొంభైల చివర్లో బావ కాళ్లు వాచడం మొదలైంది. అన్నం సయించేది కాదు. కొబ్బరికాయలు మోసే మనిషి నాలుగడుగులు వేసి గట్టు మీద కూలబడేవాడు. ఉద్దానం ఊళ్లల్లో అప్పటికే ఈ జబ్బు ఇంటింటికీ తెలుసు. పేరు సరిగా తెలియకపోయినా లక్షణాలు తెలుసు. టెక్కలి డాక్టరు చూసి విశాఖపట్నం పంపాడు. అక్కడ రక్తం పరీక్ష చేసి కిడ్నీలు సగానికి పైగా పాడయ్యాయన్నారు. రక్తంలో చెడు ఎంత చేరిందో చెప్పే అంకెను మా వైపు సీరం అంటారు. అది తగ్గితే ఇంట్లో అన్నం వండుకుంటారు, పెరిగితే పొయ్యి వెలిగించరు.

డాక్టరు మాత్రలు రాసి, ఉప్పు తగ్గించమన్నాడు. ఒళ్లు నొప్పులకు కొట్లో అమ్మే బిళ్లలు మింగొద్దన్నాడు. అరటిపండు వద్దు, కొబ్బరినీళ్లు అసలే వద్దు, ఈ కిడ్నీలకు అవి విషంతో సమానమన్నాడు. బయటికొచ్చాక బావ ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని నవ్వాడు.

“పుట్టినకాడ్నుంచి సెట్టు కిందున్నోడిని. నాకు కొబ్బరినీళ్లు వద్దంటాడేటి? రేపు సేపలోడిని సముద్రం సూడొద్దంటాడు.”

“నవ్వులాట కాదు బావా,” అన్నాను.

“ఏడుపులాట నీకొచ్చు కదరా. అది నువ్వు సూసుకో.”

ఆ తర్వాత ఒక ఆదివారం బావ అప్పను గేటు దగ్గర దింపి, సైకిలుకు తాళం వేసి, అప్ప వెనకే లోపలికి వచ్చాడు. చివరి చాప మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఆరాధన అయ్యాక నేను దగ్గరికి వెళ్లి భుజం మీద చెయ్యి వేసి, ప్రభువును నమ్ము బావా, తప్పకుండా నయమవుతుంది అన్నాను.

“నయమౌద్దని సెప్పకు. అందుకు రానేదు,” అన్నాడు. “కూసోడానికి వచ్చినాను.”

కూర్చోవడానికే వస్తూ ఉన్నాడు. అందరూ కళ్లు మూసుకుని ఎవరి బాధ వాళ్లు పైకే దేవుడికి చెప్పుకునే సమయం ఒకటి మా ఆరాధనలో ఉంటుంది. దాని గురించి ఒకసారి అప్పను అడిగాడట. “మా ఇంట్లో మొక్కుకుంటాం గానీ ఏడుపు సెప్పుకోం. ఇక్కడ సెప్పుకోవచ్చేటి? ఆయనేటనుకోడా?” అని. ఏమీ అనుకోడని అప్ప చెప్పింది. ఆ ఒక్క మాట మీద బావ విశ్వాసి అయ్యాడని ఇప్పుడనుకుంటాను. ఆ ఏడాదే సముద్రంలో బాప్తిస్మం తీసుకున్నాడు. సంఘంలో అందరూ నన్ను అభినందించారు. నేను వాళ్ల అభినందనలు తీసుకున్నాను.

ఆయన కోసం సంఘం ఉపవాస ప్రార్థన పెట్టింది. తర్వాత విశాఖపట్నం వెళ్తే సీరం కొంచెం తగ్గింది. డాక్టరు సంతోషించాడు. “తగ్గింది, మంచిదే. మందులు ఆపకండి, పథ్యం వదలకండి, మళ్లీ చూపించండి” అన్నాడు. ఆ మాటలు నేనూ బావ పక్కనే కూర్చుని విన్నాను. తిరుగు రైల్లో నా చెవిలో మొదటి ముక్క ఒక్కటే మోగుతూ వచ్చింది.

టెక్కలిలో ఏటేటా పెద్ద కూడికలు జరుగుతాయి. పందిళ్లు, మైకులు, చుట్టుపక్కల ఊళ్ల నుంచి జనం. పాటలయ్యాక సాక్ష్యాలకు సమయమిస్తారు. దేవుడు తమకు చేసిన మేలు ఎవరైనా లేచి చెప్పవచ్చు. బావ గురించి నేను చెబుతానంటే అప్ప ఒప్పుకోలేదు.

“ఇంకో పరీచ్చ అవనీరా. తొందరేటి?”

“దేవుని మేలు దాచిపెట్టుకోకూడదు అప్పా.”

“దాసిపెట్టమన్నానేటి? ఆగమన్నాను.”

నేను ఆగలేదు. మైకు దగ్గరికి వెళ్లి వందనాలు చెప్పి మొదలుపెట్టాను. కొంచెం తగ్గిందని చెప్పడానికే నిలబడ్డాను, నిజంగా. కానీ అంత జనం ఒక్కసారి నిశ్శబ్దంగా నా నోటి వంక చూసేసరికి కొంచెం అన్న మాట చాలా చిన్నదిగా అనిపించింది. డాక్టర్లు వదిలేసిన మనిషి అన్నాను. వాళ్లు వదిలెయ్యలేదు. ఉపవాసం ముగిసిన రోజునే వాపు దిగిందన్నాను. వాపు మాత్రలకు మెల్లగా దిగింది. మా బావ కిడ్నీలు ఈరోజు పసిపిల్లాడి కిడ్నీల్లా ఉన్నాయన్నాను. పందిరి దద్దరిల్లేలా చప్పట్లు కొట్టారు. బావను లేచి నిలబడమన్నాను. నిలబడ్డాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ముందుకు కట్టుకున్నాడు.

బస్సులో వస్తుంటే అడిగాడు. “ఏరా బావమరిదీ, నా కిడ్నీలు పసిగుడ్డు కిడ్నీలైపోయినాయని డాక్టరు నీ ఒక్కడి సెవిలోనే సెప్పినాడేటి?”

“విశ్వాసంతో చెప్పాను బావా.”

“విశ్వాసం నీది. కిడ్నీలు నావి. బాగుంది పంపకం.”

అప్ప కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

ఆ కూడిక తర్వాత మమ్మల్ని పిలవడం మొదలుపెట్టారు. ఈ ఊరు, ఆ ఊరు. బాగైన మనిషిని కళ్లతో చూడాలని జనానికి ఉంటుంది కదా, అందులోనూ జబ్బు ప్రతి ఇంట్లో కూర్చున్న చోట. నేను మాట్లాడేవాణ్ణి, బావ పక్కన నిలబడేవాడు. సంతబొమ్మాళి దగ్గర ఒక ఊళ్లో కూడికకు ముందు ఇంటాయన మా కోసం చెట్టెక్కించి బొండాలు దింపించాడు. మా ప్రాంతంలో అతిథికి బొండాం కొట్టివ్వకపోతే పిలిచినట్టే కాదు. పుచ్చుకోకపోతే వచ్చినట్టే కాదు. పైన చెక్కి బావ చేతికిచ్చాడు. బావ దాన్ని పట్టుకుని నా వంక చూశాడు. ఇంటాయనా చూశాడు.

“ఏం, తాగకూడదేటండీ? తగ్గిపోయినాది కదా?”

అప్పుడు నేను చెప్పవలసిన మాట ఎంత చిన్నది. డాక్టరు వద్దన్నాడండీ అంటే సరిపోయేది. నేను నవ్వి, ప్రభువు బాగుచేసిన ఒంటిని కొబ్బరినీళ్లు ఏం చేస్తాయి, తాగు బావా అన్నాను. అందరూ నవ్వారు. బావ కొద్దిసేపు ఆ బొండాం వంక చూసి, తలెత్తి తాగేశాడు. తాగి మూతి తుడుచుకుని, “మా సెట్ల నీళ్ల కంటే తియ్యగున్నాయి” అన్నాడు.

ఆ తర్వాత వెళ్లిన ప్రతి ఊళ్లో బొండాం వచ్చేది. బావ కొబ్బరినీళ్లు తాగి చూపించడం కూడా నా సాక్ష్యంలో భాగమైపోయింది. తాగకముందు ఆయన నా వంక చూడడం కూడా మానేశాడు.

విశాఖపట్నం వెళ్లాల్సిన గడువు వచ్చింది. పలాస స్టేషనులో పొద్దుటి రైలు కోసం చేతిలో ఆసుపత్రి సంచి పట్టుకుని నిలబడ్డవాళ్లను చూస్తే ఎవరు ఎందుకు వెళ్తున్నారో ఊరంతటికీ తెలిసిపోతుంది. మా సంఘంవాళ్లు ఇద్దరు ముగ్గురు రోజూ అదే రైల్లో పనులకు వెళ్తారు. కొన్నాళ్లు ఆగుదాం బావా, కూడికలు అయ్యాక వెళ్దాం అన్నాను. సరేనన్నాడు. మాత్రల గురించి నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఊళ్లు తిరిగేటప్పుడు ఎవరింట్లోనో పదిమంది మధ్య కూర్చుని మాత్రలు మింగడం కుదరక ఒక పూట, రెండు పూటలు తప్పాయని, తర్వాత మొత్తమే పోయాయని చాలా రోజులకు తెలిసింది.

భావనపాడు ఆ వరసలో చివరి ఊరు. టెక్కలి నుంచి నౌపడ ఉప్పు మడుల మీదుగా వెళ్లాం. ఎండు చేపల వాసన మధ్య తాటాకు కప్పిన చిన్న మందిరం. కూడిక అయ్యాక ముప్పై ఏళ్లుంటాయేమో, ఒక కుర్రవాడు బావ దగ్గరికి వచ్చాడు. పడవల మీద వెళ్లేవాడు, జబ్బు వచ్చాక ఒడ్డునే ఉండిపోయాడు. వెనకాల వాళ్లమ్మ ఉంది.

“అన్నా, మరి మాత్రలు మానేసినావా?” అని అడిగాడు.

బావ నోరు తెరిచాడు. ఆయన ఏం చెప్పేవాడో నాకు తెలుసు. అందుకే ముందు నేనందుకున్నాను. “దేవుడే మాన్పించాడు తమ్ముడూ,” అన్నాను. ఆ కుర్రవాడు తల ఊపాడు. వాళ్లమ్మ నాకు రెండు చేతులూ ఎత్తి వందనం చేసింది.

ఆ ఎండాకాలం బావ తోటలో కాయలు వలిపిస్తూ ఊపిరాడక పడిపోయాడు. నేను ఫ్యాక్టరీ నుంచి పరుగెత్తుకుని వెళ్లేసరికి అప్ప ఆయన తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. లుంగీ మోకాళ్ల దాకా తొలిగి ఉంది. కాళ్లు వాచి నున్నగా మెరుస్తున్నాయి. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయేలా ఉన్నాయి. కొన్ని నెలలుగా లుంగీ మడిచి కట్టకుండా చీలమండల దాకా దింపుకునే తిరుగుతున్నాడని, చలి అనేవాడని అప్ప తర్వాత చెప్పింది. ఉద్దానంలో ఎండాకాలం చలి.

విశాఖపట్నంలో కిడ్నీలు పూర్తిగా పోయాయన్నారు. ఇక యంత్రం మీద రక్తం శుద్ధి చేయించుకోవాలి, బతికినన్నాళ్లూ. ఈ మధ్య ఎందుకు రాలేదని డాక్టరు అడిగాడు. బావ తల దించుకుని, “తోట పనండీ” అన్నాడు. నేను పక్కనే ఉన్నాను.

వారంలో రెండుసార్లు పొద్దుటి రైల్లో తీసుకెళ్లేవాణ్ణి. అదే స్టేషను, అదే సంచి. రెండో వారమో మూడో వారమో, వార్డు బయట బెంచీ మీద భావనపాడు కుర్రవాడు కనిపించాడు. ముఖం ఉబ్బిపోయి ఉంది. వాళ్లమ్మ పక్కన కూర్చుని ఒళ్లో సంచి పెట్టుకుంది. అతను బావను చూసి గుర్తుపట్టాడు. గుర్తుపట్టాక అర్థం కానట్టు చూశాడు.

“అన్నా, నీకు తగ్గిపోయినాది కదా?”

“తగ్గనేదు తమ్ముడూ,” అన్నాడు బావ. “ఆ పొద్దుకీ తగ్గనేదు. నాను నోరిప్పనేదు. నాదే తప్పు.”

“మరి అయ్యగారు సెప్పినారు?” అని వాళ్లమ్మ నా వంక చూసింది. కోపం లేదు. అడిగింది, అంతే. నేను ఫ్లాస్కు పట్టుకుని వేడినీళ్లు తెస్తానని అక్కడి నుంచి వెళ్లిపోయాను. కింద గేటు బయట నిలబడి ఎంతసేపు గడిపానో తెలియదు. తిరిగొచ్చేసరికి వాళ్లు లోపలికి వెళ్లిపోయారు. ఫ్లాస్కులో నీళ్లు లేవు.

బావ యంత్రం మీద ఉండగా నన్ను దగ్గరికి పిలిచాడు. చేతికి గొట్టాలున్నాయి, రక్తం బయటికి వెళ్లి లోపలికి వస్తోంది.

“భావనపాడు ఎల్లాల.”

“ఎందుకు?”

“ఎందుకేటి? నువ్వు సెప్పినావు, నాను నిలబడ్డాను. ఆ కుర్రోడు మాత్రలు మానేసినాడు. ఇంకెవులు మానేసినారో. ఎల్లి కాదని సెప్పాల.”

నేను దేవుని నామానికి అవమానం కలుగుతుందన్నాను. సంఘం గురించి బయటివాళ్లు నవ్వుతారన్నాను. ఆ మాటలన్నీ నిజమైన భయంతోనే అన్నాను, కానీ ఆ భయం దేవుడి కోసం కాదు. బావ కళ్లు మూసుకుని విన్నాడు.

“దేవుడి పేరుకి నువ్వు కాపలా కాయక్కర్నేదురా. ఆయన పేరు ఆయన సూసుకుంటాడు. మనం మనుసుల్ని సూద్దాం.”

“నీకు తెలిసి కూడా ఎందుకు ఊరుకున్నావు బావా? ఆ మొదటి బొండాం దగ్గరే ఎందుకు చెప్పలేదు?”

ఈ ప్రశ్న అడిగే హక్కు నాకు లేదు. అయినా అడిగాను. ఆయన కళ్లు తెరిచాడు.

“పదిమందిలో నీ మాట పోద్దని. సిన్నప్పట్నుంచీ నీకు మాట పడితే పడదు కదా. నాను తెలివైనోడిని అనుకున్నాను. నీ మాటా నిలబడాల, నానూ నిలబడాల అనుకున్నాను.” నవ్వబోతే దగ్గు వచ్చింది. “రెండూ పడిపోయినాయి.”

ఆయన కోపపడి ఉంటే నాకు దారి సులువయ్యేది. నేను కూడా ఎదురు మాట్లాడి తప్పు సగం పంచుకునేవాణ్ణి. కోపపడలేదు. నా బలహీనత చిన్నప్పటి నుంచి తెలిసి, దాన్ని తన ఒంటితో కప్పాడు. ప్రభువు గురించి అంతకుముందు ఎన్నో ఏళ్లుగా ఇలాంటి మాటలే మైకులో చెప్పాను. అవి ఎదురుగా పడుకుని ఉంటే గుర్తుపట్టలేదు.

మేం భావనపాడు వెళ్లేసరికి వానలు మొదలయ్యాయి. అప్పటికే ఆ కుర్రవాడు చనిపోయాడు. ఆ సంగతి మందిరం గుమ్మం దగ్గర పాస్టరుగారు చెప్పారు. లోపల ముందు వరసలోనే వాళ్లమ్మ కూర్చుని ఉంది.

ముందు నేను మాట్లాడాలని ఇంటి దగ్గరే అనుకున్నాం. పాస్టరుగారు పిలిస్తే లేచాను. వందనాలు చెప్పాను. దేవుని మార్గాలు మనకు అంతుపట్టవన్నాను. మనిషి జీవితం గడ్డిపువ్వు లాంటిదన్నాను. శ్రమలలో కూడా ఆయన చిత్తం ఉంటుందన్నాను. అన్నీ మంచి మాటలే. ఒక్కటి మాత్రం రావడం లేదు. దాని చుట్టూ తిరుగుతున్నానని నాకే తెలుస్తోంది. వెనక నుంచి బావ నా చొక్కా పట్టి లాగాడు.

“కూసో,” అన్నాడు మెల్లగా.

ఆయన గుంజ పట్టుకుని లేచాడు. “అందరికీ వందనాలండి. నాకు నయం కానేదు. అప్పుడూ కానేదు, ఇప్పుడూ కానేదు. వారానికి రెండుసార్లు మిసను మీద పడుకుంటన్నాను. మీలో మాత్రలు మానేసినోళ్లు ఉంటే రేపే ఏసుకోండి. కొబ్బరినీళ్లు తాగకండి. నాను తాగినాను, సూసినారు కదా, ఇలగయ్యాను. దేవుడు మంచోడే. అది మాత్రం అబద్దం కాదు.”

కూర్చోబోతుంటే చనిపోయిన కుర్రవాడి తల్లి అడిగింది. లేవలేదు, కూర్చునే అడిగింది.

“నా కొడుకు పోయినాడు. నువ్వు పోతన్నావు. మంచోడని ఎలగ సెప్తన్నావు నాయనా?”

బావ మళ్లీ గుంజ పట్టుకున్నాడు.

“నీ కొడుకు ఎందుకు పోయినాడో నాకు తెల్దు తల్లీ,” అన్నాడు. “నానూ రోజూ అడుగుతన్నాను ఆయన్ని. గట్టిగానే అడుగుతన్నాను. సెప్పడు. కానీ అడుగుతుంటే ఎల్లిపోడు. మిసను మీదున్నప్పుడు ఒకోసారి పేనం జారిపోతన్నట్టు ఉంటాది. అప్పుడు పక్కన ఉన్నట్టే తెలుస్తాది. నయం సేసేవోడు ఎప్పుడో ఒకప్పుడు ఎల్లిపోతాడు, పనైపోయినాది కదా. ఈయన ఎల్లడు. నాకు తెలిసిన మంచితనం ఇంతే. నీకు సాలకపోతే, సాలదని ఆయనకే సెప్పు. ఏమీ అనుకోడు.”

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. తర్వాత నా వైపు తిరిగింది. “నువ్వు సెప్పు. ఆ పొద్దు సెప్పింది నువ్వే కదా.”

“అబద్ధం చెప్పానమ్మా,” అన్నాను. “తగ్గలేదని నాకు తెలుసు. తెలిసే చెప్పాను.”

ధైర్యంతో అన్న మాట కాదది. ఇంక తప్పించుకునే చోటు లేక అన్నాను. నేనే లేచి ముందు చెప్పి ఉంటే అది పశ్చాత్తాపం అయ్యేది. ఆమె అడిగితే గాని రాలేదు. ఈ తేడా నన్ను ఇప్పటికీ వదల్లేదు.

ఆమె క్షమించానని అనలేదు. లేచి మందిరం పక్కనున్న తన ఇంటికి వెళ్లి, కొంచెంసేపట్లో ఒక చిన్న గ్లాసు పట్టుకుని వచ్చింది. పిల్లలకు పాలు పట్టే గ్లాసంత ఉంటుంది. అందులో నీళ్లు. బావ ముందు పెట్టి, “నీకు రోజుకి ఎంత తాగమన్నారు?” అని అడిగింది. యంత్రం మీదున్నవాళ్లు నీళ్లు కూడా కొలిచి తాగాలి. మేం ఇన్ని ఊళ్లు తిరిగాం, బావను ఆ మాట అడిగినవాళ్లు ఒక్కరూ లేరు.

“ఇలాటివి నాలుగు, ఐదు,” అన్నాడు బావ.

“ఇది సల్లటిది. మింగెయ్యకు. నోట్లో పెట్టుకో. మావోడు అలగే సేసేవోడు.”

బావ అలాగే చేశాడు. ఆమె ఎదురుగా కూర్చుని ఆయన నీళ్లు నోట్లో పట్టుకోవడం చూస్తూ ఉంది. నేను బయట చూరు కింద నిలబడ్డాను. వాన సముద్రం మీద పడుతోంది. దేవుడు మంచివాడన్న మాట అంతవరకూ కొన్ని వందలసార్లు అని ఉంటాను. అది నిజం కావాలని మొదటిసారి ఆ చూరు కింద కోరుకున్నాను. నా కోసం కాదు. లోపలున్న ఆ ఇద్దరి కోసం.

ఆ రోజు నలుగురైదుగురు లేచి తామూ మందులు మానేశామని చెప్పారు. తర్వాత మిగతా ఊళ్లన్నింటికీ వెళ్లాం. బావకు ఓపిక లేని రోజుల్లో నేనొక్కణ్ణే వెళ్లాను. కొన్ని చోట్ల విన్నారు. ఒక చోట మైకు ఆపేశారు. నీ బావకు విశ్వాసం తగ్గి జబ్బు తిరగబడిందని, దాన్ని దేవుని మీదికి తోస్తున్నావని ఒక పెద్దమనిషి నన్ను గద్దించాడు. ఏడాది క్రితం అయితే ఆ మాట నేనే అని ఉండేవాణ్ణి. మా సంఘంలో పెద్దరికం వదిలేశాను. వదిలెయ్యమని ఎవరూ అనలేదు. ఉండమనీ అనలేదు.

మరుసటి ఏడు బావ పోయాడు. యంత్రం మీద కాదు, ఇంట్లో, పగటిపూట, అప్ప గంజి చల్లారుస్తుంటే. చివరి నెలల్లో ఒకరోజు రైల్లో నా భుజం మీద తల పెట్టి పడుకుని, “నిన్ను సూత్తే జాలేత్తాది రా” అన్నాడు. ఎందుకు బావా అన్నాను. “నాకు నొప్పొత్తే మిసనుంది. నీకేటుంది?” అన్నాడు. ప్రార్థన ఉంది అన్నాను. “అయితే సేసుకో. పొడుగ్గా వద్దు,” అన్నాడు.

అంత్యక్రియలయ్యాక అప్ప నాతో మాట్లాడలేదు. వీధిలో ఎదురైనా, మందిరంలో ఎదురైనా తల తిప్పుకునేది. బస్సులో ఒక్కతే వచ్చి ఒక్కతే వెళ్లేది. నేను వెళ్లి క్షమాపణ అడిగాను. లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. ఇంకోసారి వెళ్లాను, అప్పుడూ అంతే. ఆగమన్నానని తను ముందే చెప్పింది. నా మీద ఆమె దగ్గర ఉన్నది కోపం ఒక్కటే కాదు, ఆ ఒక్క మాట కూడా ఉంది.

నేను మాత్రం పొద్దుటి రైలుకు స్టేషనుకు వెళ్లడం మానలేదు. తోడు లేని రోగులు ఎవరో ఒకరు ఉండేవారు. సెలవు దొరికిన రోజు వాళ్లతో విశాఖపట్నం వెళ్లి వార్డు బయట కూర్చునేవాణ్ణి. ప్రార్థన చేయమంటే చేసేవాణ్ణి, పొట్టిగా. తగ్గిపోతుందని చెప్పండి బాబూ అని కొందరు బతిమాలేవారు. ఆ మాట చెప్పడం ఎంత తేలికో నాకు తెలుసు. చెప్పేవాణ్ణి కాదు. సాయంత్రం దాకా ఇక్కడే ఉంటానని చెప్పేవాణ్ణి. అది పరిహారమని నేననుకోలేదు. ఆ బెంచీ మీద కూర్చున్నప్పుడు మాత్రం, బావ చెప్పిన వెళ్లిపోనివాడు ఆ వరండాలో ఎక్కడో ఉన్నాడని అప్పుడప్పుడు అనిపించేది. ప్రతిరోజూ కాదు. కొన్ని రోజులు గోడలే కనిపించేవి.

కోతలయ్యాక మా మందిరంలో ప్రథమ ఫలాల పండగ చేస్తారు. ఎవరి పంటలో మొదటి భాగం వాళ్లు తెచ్చి వేదిక ముందు పెడతారు. బావ పోయాక రెండో పండగకు అప్ప కొత్త బియ్యం గంపతో బస్సు దిగింది. పొలం కౌలుకివ్వకుండా తనే పండించిందని విన్నాను. నేను గేటు దగ్గర పక్కకు తప్పుకున్నాను, ఆమె తల తిప్పుకోవలసిన అవసరం లేకుండా.

ఆమె నా ముందే ఆగింది. గంప నడుము మీద పెట్టుకుని నన్ను తేరిపారజూసింది.

“సిక్కిపోయినావు,” అంది.

గంపను నడుము మీద ఇంకొంచెం పైకి జరుపుకుంది.

“నిన్ను చమించేసినాననుకోకు. ఇంకా అవనేదు. పేర్దన సేత్తన్నాను. ఒకోరోజు వత్తాది, ఒకోరోజు రాదు.”

“సరే అప్పా.”

“సరేటి సరే. నడుం ఇరిగిపోతంది, అవతల సెయ్యి పట్టు.”

గంపకు రెండో వైపు పట్టుకున్నాను. బరువుగానే ఉంది. లోపల పాట మొదలైంది. అప్ప నాకంటే వేగంగా అడుగులు వేస్తోంది. గింజలు ఒలికిపోకుండా ఆమె అడుగుకు నా అడుగు కలుపుకుంటూ మెట్లెక్కాను.